సేల్స్ రిపోర్టులో ఒకే లైను రెండేసి సార్లు వస్తోంది, బిల్లు నంబర్ల వరసా కుదరట్లేదు

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 11, 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారమండి. పాలకొల్లులో మాది కిరాణా కొట్టు, రెండు కౌంటర్లు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొని నాలుగేళ్లయింది. దాంతో వచ్చిన రిపోర్టులు మాకు పనికిరాక, రోజువారీ అమ్మకం రిపోర్టు ఒకటి మా మేనల్లుడి చేత విడిగా రాయించుకున్నాం. వెనక ఉన్న డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్. వాడు క్వెరీ (ఏ లెక్క కావాలో డేటాబేస్‌ని అడిగే ఆదేశం) రాసి, రిపోర్ట్ డిజైనర్‌లో పెట్టి, బటన్ నొక్కితే ప్రింటు వచ్చేలా చేసి బెంగళూరు వెళ్లిపోయాడు.

మొదటి నుంచీ రిపోర్టుకీ గల్లాపెట్టెకీ అప్పుడప్పుడు వెయ్యో రెండు వేలో తేడా ఉండేది. రిపోర్టులో ఎక్కువ, పెట్టెలో తక్కువ. కౌంటర్లో కుర్రాడు చిల్లర ఇవ్వడంలో పొరబడుతున్నాడేమో అనుకుని నాలుగు మాటలు అనేవాణ్ణి. కానీ దసరా ముందు నుంచీ తేడా మరీ ఎక్కువైంది. నిన్న, అంటే 10వ తారీకున, నగదు 38,215, యూపీఐ 46,095, కలిపి 84,310. రిపోర్టులో మాత్రం 1,06,430! ఇరవై రెండు వేలు ఏ కుర్రాడూ ఒక్కరోజులో పొరబడడు కదా అని కూర్చుని లైను లైనూ చూస్తే, కొన్ని సరుకులు ఒకే బిల్లులో రెండేసి సార్లు పడుతున్నాయి. అన్నీ కాదు, కొన్నే.

ఇంకో తలనొప్పి ఏమిటంటే వరస. ఏడాది మొదలు నుంచి రిపోర్టు తీస్తే బిల్లులు 1, 10, 100, 1000, 1001 అలా వస్తున్నాయి, 2 ఎక్కడో మధ్యలో ఉంటుంది. రెండు నెలలకి కలిపి తీస్తే తారీకులదీ అదే తంతు. దీపావళి 20న. ఆ హడావుడి మొదలయ్యేలోపు ఇది సర్దుకోవాలి. ఎవరైనా చూసి చెప్పండి.

స్పీడ్‌పోస్ట్
అక్టోబరు 11, రాత్రి 10:52

సింపుల్ అండి. క్వెరీలో సెలెక్ట్ పక్కన డిస్టింక్ట్ అని పెట్టండి. డూప్లికేట్లు మాయం. నేను అన్ని రిపోర్టుల్లోనూ అదే పెడతాను.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 11, రాత్రి 11:15

పెట్టానండి. రెండేసి లైన్లు పోయాయి! చాలా థాంక్స్. వరస సంగతి రేపు చూద్దాం, ఇప్పుడు నిద్రపోతాను.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, ఉదయం 7:20

మళ్లీ నేనేనండి. పొద్దున్నే మా ఆవిడ టోటల్ వేసింది. డిస్టింక్ట్ పెట్టాక 83,752 వస్తోంది. పెట్టెలో ఉన్నది 84,310. నిన్నటిదాకా ఎక్కువ, ఇప్పుడు 558 తక్కువ. ఇదేం లెక్కండీ?

తణుకు_టేబుల్స్
అక్టోబరు 12, ఉదయం 8:05

ఆ డిస్టింక్ట్ తీసేయండి ముందు. చూరు కారుతుంటే కింద గిన్నె పెట్టినట్టు అది. కారేది ఆగదు, ఎక్కడ కారుతోందో కూడా తెలియకుండా పోతుంది.

డిస్టింక్ట్ చేసేది ఒకటే. ప్రింటయ్యే కాలమ్స్ అన్నీ ఒకేలా ఉన్న లైన్లలో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. మీ దగ్గర అవతలి మనిషి ఒక సబ్బు తీసుకుని, చివర్లో "ఇంకోటి కూడా వెయ్యండి" అంటే కుర్రాడు మళ్లీ స్కాన్ చేస్తాడు. ఒకే బిల్లులో ఒకే సబ్బు, ఒకే ధర, రెండు లైన్లు. రెండూ నిజమైనవే. డిస్టింక్ట్‌కి ఆ సంగతి తెలియదు, ఒకటి మింగేస్తుంది. మీ 558 అలా పోయిందే.

రోజంతటి రిపోర్టు చూస్తే ఏమీ దొరకదు. ఒక్క బిల్లు పట్టుకోండి. ఆ బిల్లుకి సరుకుల టేబుల్లో ఎన్ని లైన్లున్నాయి, రిపోర్టులో ఎన్ని వస్తున్నాయి, క్వెరీలో జాయిన్ చేసిన, అంటే ఒకదానితో ఒకటి జత కలిపిన, టేబుల్స్ ఏమేమిటి? ఈ మూడూ రాయండి.

స్పీడ్‌పోస్ట్
అక్టోబరు 12, ఉదయం 8:11

అయితే టేబుల్లోనే డూప్లికేట్లు తీసేస్తే సరి. రో నంబర్ ఫంక్షన్ వాడి ఒకటి ఉంచి మిగతావి డిలీట్ కొట్టండి. యూట్యూబ్‌లో వీడియోలు బోలెడున్నాయి.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 12, ఉదయం 8:14

దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. టేబుల్లో డూప్లికేట్లున్నాయని ఇంకా తేలనే లేదు. ఉన్నది రిపోర్టులో. అమ్మిన సరుకు లైనును డిలీట్ చేస్తే ఆ బిల్లు స్టాకుతోనూ కలవదు, పన్నుతోనూ కలవదు. కొట్టు గారూ, మీరు ఏం ముట్టుకున్నా ముందు బ్యాకప్ తీసుకోండి. క్వెరీలో సెలెక్ట్ తప్ప ఇంకే మాటా వాడకండి.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, మధ్యాహ్నం 2:30

ఆయ్, బ్యాకప్ తీశానండి. ఆదివారం కాబట్టి మధ్యాహ్నం కాస్త ఖాళీ దొరికింది. రెండు బిల్లులు చూశాను.

బిల్లు 4127. సరుకులు మూడు: కందిపప్పు 480, పామాయిల్ 640, పంచదార 360. మొత్తం 1,480. టేబుల్లో మూడు లైన్లే. రిపోర్టులో ఆరు, ఒక్కోటి రెండేసి సార్లు.

బిల్లు 4139. ఒంటిసబ్బు 38, ఉప్పు 28, మళ్లీ ఒంటిసబ్బు 38. మొత్తం 104. టేబుల్లో మూడు లైన్లు. రిపోర్టులో ఐదు: సబ్బు నాలుగుసార్లు, ఉప్పు ఒక్కసారి. 180 వస్తోంది. డిస్టింక్ట్ పెట్టినప్పుడు ఇదే బిల్లు 66 అయింది. మీరు చెప్పిన సబ్బు కథ అచ్చంగా ఇదే.

ఒక బిల్లులో అన్నీ రెట్టింపయ్యాయి, రెండోదాంట్లో సబ్బొక్కటే. అది నాకు అంతు పట్టలేదు.

క్వెరీలో జాయిన్లు: బిల్లు హెడరు (బిల్లుకి ఒక్క లైను, నంబరూ తారీకూ ఉండేది), బిల్లు సరుకులు, ఐటెమ్ మాస్టర్ (కొట్లో సరుకులన్నిటి జాబితా), చెల్లింపులు, పన్ను రేట్లు. పన్ను కాలమ్ ఒకప్పుడు ప్రింటులో ఉండేది, చిన్న పేపరులో పట్టక నేనే తీసేయించాను. జాయిన్ అలాగే ఉండిపోయినట్టుంది.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 12, మధ్యాహ్నం 2:48

మీకున్నది ఒక జబ్బు కాదు, రెండు. 4127కి డబ్బు ఎలా ఇచ్చారో చూడండి. కొంత నగదు, కొంత యూపీఐనా?

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, మధ్యాహ్నం 2:55

అవునండీ! నగదు 1,000, యూపీఐ 480. మీకెలా తెలిసింది?

తణుకు_టేబుల్స్
అక్టోబరు 12, మధ్యాహ్నం 3:20

మూడు లైన్లు ఆరయ్యాయంటే రెండుతో గుణించే టేబుల్ ఏదో ఉండాలి. చెల్లింపుల టేబుల్లో ఆ బిల్లుకి రెండు లైన్లున్నాయి, నగదుదొకటి, యూపీఐదొకటి. జాయిన్ చేసినప్పుడు ప్రతి సరుకూ ప్రతి చెల్లింపుతోనూ జత కడుతుంది. మూడు రెళ్లు ఆరు. అందుకే సరుకుల మొత్తం 1,480 బదులు 2,960 అయింది. మీరు గనక చెల్లింపు కాలమ్‌ని కూడితే ఇంకా తమాషా. ఒక్కో చెల్లింపు మూడుసార్లు వచ్చి 4,440 అవుతుంది. ఒకే బిల్లుకి మూడు మొత్తాలు, అందులో నిజం ఒక్కటే.

అప్పుడప్పుడు వెయ్యి, రెండు వేలు తేడా వచ్చేదన్నారే, అది ఇదే. డబ్బు రెండు రకాలుగా ఇచ్చిన బిల్లులు ఆ రోజు ఎన్ని ఉంటే అంత తేడా. మీ కుర్రాడి తప్పేమీ లేదు.

ఇక 4139. ఉప్పు ఒక్కసారే వచ్చింది కాబట్టి అక్కడ చెల్లింపుల గొడవ లేదు. సబ్బుకి మాత్రమే రెండు లైన్లున్న టేబుల్ ఇంకోటి ఉండాలి. ఐటెమ్ మాస్టరో పన్ను రేట్లో. రెట్టింపయ్యే సరుకుల లిస్టు ఇవ్వగలరా?

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, రాత్రి 9:10

మా ఆవిడ పెన్ను పట్టుకుని కూర్చుంది. రెండేసి సార్లు వచ్చేవి: ఒంటిసబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, నెయ్యి, బిస్కెట్లు, తలనూనె. ఒక్కసారే వచ్చేవి: పంచదార, పామాయిల్, ఉప్పు, బట్టల సోడా పౌడరు, కొబ్బరినూనె.

ఆవిడకొచ్చిన డౌటు ఇదీ. ఒంటిసబ్బు రెండుసార్లు పడుతుంటే బట్టల పౌడరు ఒక్కసారే ఎందుకు? తలనూనె రెండుసార్లు వస్తుంటే పక్క షెల్ఫులోనే ఉన్న కొబ్బరినూనె ఎందుకు రావట్లేదు?

అమలాపురం_అకౌంట్స్
అక్టోబరు 12, రాత్రి 9:34

అన్నయ్యగారూ, ఈ లిస్టు చూస్తే నాకు నవ్వొచ్చింది. నేను ఇక్కడ నాలుగు కొట్లకి పద్దులు రాస్తాను, ఈ లిస్టు మూడు వారాలుగా నోటికొచ్చేసింది. సెప్టెంబరు 22న జీఎస్టీ రేటు మారిన సరుకులివి. సబ్బు, పేస్టు, షాంపూ, బిస్కెట్లు, తలనూనె 18 నుంచి 5 శాతానికి, నెయ్యి 12 నుంచి 5కి వచ్చాయి. పంచదార, పామాయిల్ అప్పుడూ 5, ఇప్పుడూ 5. ఉప్పుకి పన్నే లేదు. బట్టల పౌడరు 18లోనే ఉండిపోయింది.

కొబ్బరినూనె సంగతి మన కోనసీమ వాళ్లకి కొత్తేం కాదు. వంటనూనెగా అమ్మేది ముందు నుంచీ 5 శాతమే, తలకి రాసుకునేదని అమ్మితే 18. చిన్న ప్యాకెట్లు వంటనూనా తలనూనా అని ఏళ్ల తరబడి సుప్రీంకోర్టు దాకా నడిచిన వివాదం, 2024 డిసెంబరులో తేలింది. ఇప్పుడు రెండూ 5కే వచ్చాయి. కానీ మీ డేటాబేస్‌లో తలనూనెకి పాత రేటూ కొత్త రేటూ రెండూ ఉండి ఉంటాయి, కొబ్బరినూనెకి ఒక్కటే.

మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు అప్పుడు అప్‌డేట్ ఏమైనా పంపారా?

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, రాత్రి 9:50

పంపారండి. నవరాత్రుల మొదటి రోజు పొద్దున్నే ఫోన్ చేసి కంప్యూటర్లోకి వాళ్లే వచ్చి ఏదో చేశారు. తేడా పెరిగింది కూడా ఆ రోజు నుంచే! దసరా రద్దీ వల్ల అనుకున్నాం.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 12, రాత్రి 10:15

శభాష్ అమలాపురం గారూ, నేను ఐటెమ్ మాస్టర్‌లో రెండు బార్‌కోడ్లున్నాయేమో అనుకుంటూ కూర్చున్నా.

కొట్టు గారూ, పన్ను రేట్ల టేబుల్ తెరిచి సబ్బు హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకానికి ఇచ్చే నంబరు) 3401 చూడండి. ఒక లైనులో 18, ఇంకో లైనులో 5, పక్కన అమలు తేదీలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ వాళ్లు చేసింది సరైన పనే. పాత బిల్లుల కోసం పాత రేటు ఉంచాలి. తప్పు మీ క్వెరీది. అది తేదీ చూడకుండా కోడ్ ఒక్కటే చూసి జత కడుతోంది.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష చేయండి. ఆగస్టులో ఏదో ఒక రోజు రిపోర్టు ఇప్పుడు తీయండి. అప్పట్లో ప్రింటు తీసిన కాగితం ఉంటే పక్కన పెట్టుకోండి. పాత రోజులో కూడా ఇప్పుడు సబ్బులు రెట్టింపు కావాలి.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, రాత్రి 10:41

ఆగస్టు 16 కాగితం ఫైల్లో దొరికింది. అందులో సబ్బులు ఒక్కోసారే ఉన్నాయి. ఇప్పుడు తీస్తే అదే రోజుకి రెండేసి సార్లు. జరిగిపోయిన రోజు అమ్మకం కూడా పెరిగిపోయిందండీ బాబూ!

అమలాపురం_అకౌంట్స్
అక్టోబరు 12, రాత్రి 10:44

అన్నయ్యగారూ, టెన్షన్ పెట్టడం కాదు గానీ, ఆడిటర్ గారికి పంపేది ఈ రిపోర్టు కాదు కదా? మూడు నెలలకోసారి రిటర్న్ వేసేవాళ్లకి జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) గడువు రేపే, 13.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 12, రాత్రి 10:47

కాదమ్మా. ఆయనకి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న జీఎస్టీ రిపోర్టే పంపుతాం. ఇది మా ఇంట్లో చూసుకోవడానికే. బతికించావు, ఒక్క క్షణం గుండె ఆగింది.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 13, ఉదయం 6:50

ఇక బాగు చేసే పని.

పన్ను కాలమ్ ప్రింటులోనే లేదు కాబట్టి ఆ జాయిన్ మొత్తం తీసేయండి. అన్నిటికన్నా తేలిక. రేపు ఎప్పుడైనా పన్ను కావాలంటే అప్పుడు తేదీ షరతు పెట్టాలి: బిల్లు తేదీ అమలు తేదీ నాడు గానీ ఆ తర్వాత గానీ ఉండాలి, ముగింపు తేదీ దాటకూడదు, ముగింపు తేదీ ఖాళీగా ఉంటే ఇప్పటికీ అమల్లో ఉన్నట్టు. అసలు పద్ధతి ఇంకోటుంది. చాలా సాఫ్ట్‌వేర్లు బిల్లు కొట్టిన నాటి రేటును సరుకు లైనులోనే రాసుకుంటాయి. ఉంటే అదే వాడండి. జరిగిన అమ్మకానికి మాస్టర్‌లో ఇవాళ ఉన్న రేటు చూడాల్సిన పనేముంది?

చెల్లింపుల దగ్గర ఆగి చూడాలి. చెల్లింపుల్ని ముందే బిల్లు వారీగా గ్రూప్ చేసి, నగదు ఒక కాలమ్, యూపీఐ ఒక కాలమ్‌గా బిల్లుకి ఒక్క లైనే వచ్చేలా సబ్‌క్వెరీ (క్వెరీ లోపల ఇంకో చిన్న క్వెరీ) రాయండి. దాన్ని హెడర్‌తో జాయిన్ చేయండి. అప్పుడు సరుకుల లైన్లు పెరగవు. కానీ ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. లైన్లు పెరగకపోయినా, నగదు 1,000 అనే అంకె ఆ బిల్లులోని మూడు సరుకుల పక్కనా కనిపిస్తుంది. రిపోర్ట్ డిజైనర్‌లో ఆ కాలమ్‌కి టోటల్ పెడితే 3,000 అవుతుంది. కాబట్టి సరుకుల రిపోర్టులో చెల్లింపులు అసలు పెట్టకుండా, కింద వేరే ముక్కగా నగదు ఇంత, యూపీఐ ఇంత అని ప్రింటు చేసుకోండి. రెండు మొత్తాలూ ఒకటేనా అని చూసుకోవడానికీ అదే వీలు.

భీమవరం_మేత
అక్టోబరు 13, ఉదయం 9:25

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది రొయ్యల మేత షాపు. మేతకి జీఎస్టీ లేదు కాబట్టి పన్ను గొడవ మాకు రాలేదు గానీ, చెల్లింపుల జబ్బు మాకు ఘోరంగా ఉంది. రైతు చెరువు వేసినప్పుడు మేత అప్పు తీసుకెళ్తాడు, పట్టుబడి (రొయ్యలు పట్టడం) అయ్యాక విడతలుగా కడతాడు. ఒక్కో బిల్లుకి నాలుగైదు చెల్లింపులు. బాకీల రిపోర్టులో ఒక రైతు 40 బస్తాలు తీసుకుంటే 200 కనిపించాయి. ఆయన ఆ కాగితం చూసి మా మీద కేకలేశాడు, న్యాయమే.

పైన చెప్పినట్టు సబ్‌క్వెరీ పెట్టాం, చాలావరకు తగ్గింది. ఇంకా కొన్ని బిల్లుల్లో వేరే రైతు సరుకు కూడా వచ్చి పడుతోంది. ఇదేమిటో?

తణుకు_టేబుల్స్
అక్టోబరు 13, ఉదయం 9:40

ఏప్రిల్ 1న బిల్లు నంబరు మళ్లీ 1 నుంచి మొదలవుతుందా మీ దగ్గర? క్వెరీలో హెడరునీ సరుకుల్నీ బిల్లు నంబరుతోనే కలిపారా?

భీమవరం_మేత
అక్టోబరు 13, ఉదయం 9:58

రెండింటికీ అవుననే సమాధానం. ఓహో! పోయినేడాది 212వ బిల్లూ ఈ ఏడాది 212వ బిల్లూ పెళ్లి చేసుకున్నాయన్నమాట.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 13, ఉదయం 10:02

అంతే. నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలోనే ప్రత్యేకం, రూలు కూడా అదే చెబుతుంది. మనిషి చదివే నంబరుతో ఎప్పుడూ జాయిన్ చేయకండి. కనపడకుండా లోపల బిల్ ఐడీ ఉంటుంది, దాంతో కలపండి. రెండు కౌంటర్లున్న చోట కౌంటరు వారీగా వేరే వరస నడుస్తుంటే ఇదే గొడవ రోజూ వస్తుంది.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 13, రాత్రి 10:20

పన్ను జాయిన్ తీశాను. 10వ తారీకు రిపోర్టు 88,070కి దిగింది. చెల్లింపులు విడదీశాను. 84,310. పైసా తేడా లేదు! మధ్యలో పోయిన 3,760 ఎక్కడిదా అని చూస్తే ఆ రోజు డబ్బు రెండు రకాలుగా ఇచ్చిన బిల్లులు నాలుగు: 1,480, 940, 720, 620. కూడితే సరిగ్గా అంతే. మా ఆవిడ కాగితం మీద కూడి చూపించింది.

ఇక మిగిలింది వరస. క్వెరీ చివర వరస చెప్పే ఆర్డర్ బై ఉందండి, కానీ దాని మాట ఎవరూ వినట్లేదు.

తణుకు_టేబుల్స్
అక్టోబరు 14, ఉదయం 7:10

మీ బిల్లు నంబరు ఎలా ఉంటుంది? "ఏ/25-26/4127" అలాగేనా? అందులో అక్షరాలున్నాయి కాబట్టి ఆ కాలమ్ టెక్స్ట్. టెక్స్ట్‌ని కంప్యూటర్ నిఘంటువులో మాటల్లా ఎడమ నుంచి ఒక్కో అక్షరమే పోల్చి చూస్తుంది. 10లో మొదటి అక్షరం 1, అది 2 కన్నా చిన్నది, కాబట్టి 10 ముందు. దానికి అది పది అని తెలియదు. టేబుల్లో సీరియల్ అనో మరో పేరుతోనో ఉత్త అంకె కాలమ్ ఉందేమో చూడండి, ముందు కౌంటరు, తర్వాత ఆ అంకె పెట్టి సార్ట్ చేయండి. లేకపోతే బిల్లు పడిన సమయం పెట్టండి. వచ్చే ఏప్రిల్ నుంచి 000127 అని సున్నాలతో మొదలుపెడితే టెక్స్ట్‌గా కూడా సరిగ్గా నిలబడుతుంది. జీఎస్టీ బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఇది 14తో సరిపోతుంది. ఏడాది మధ్యలో మాత్రం మార్చకండి.

తారీకుల గొడవ ఇంకాస్త దొంగది. మీ మేనల్లుడు సెలెక్ట్‌లో తేదీని రోజు-నెల-సంవత్సరం టెక్స్ట్‌గా మార్చి, ఆ కాలమ్‌కి మళ్లీ "బిల్‌డేట్" అని పాత పేరే పెట్టి ఉంటాడు. ఆర్డర్ బైలో బిల్‌డేట్ అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుల్లో ఉన్న అసలు తేదీని కాదు, మార్చిన టెక్స్ట్‌ని తీసుకుంటుంది. అందుకే 01-09, 01-10, 02-09 అని వస్తుంది. ఆర్డర్ బైలో టేబుల్ పేరు, చుక్క, బిల్‌డేట్ అని రాయండి. లేదా ప్రింటు కాలమ్‌కి వేరే పేరు పెట్టండి.

ఇవన్నీ చేసినా వరస కుదరకపోతే రెండు చోట్ల వెతకండి. ఆర్డర్ బై ఒక వ్యూ (పేరు పెట్టి దాచుకున్న క్వెరీ) లోపల ఉంటే దానికి విలువ లేదు. టాప్ 100 పర్సెంట్ అని పెట్టి మభ్యపెట్టే పాత చిట్కా కూడా 2005 వెర్షన్ నుంచి పనిచేయదు. బయట, వ్యూని పిలిచే క్వెరీలోనే పెట్టాలి. రెండోది రిపోర్ట్ డిజైనర్. అక్కడ బిల్లు వారీగా గ్రూప్ పెడితే గ్రూప్‌కి సొంత సార్టింగ్ ఉంటుంది, క్వెరీ ఏ వరసలో పంపినా అది తన వరసే వేసుకుంటుంది.

స్పీడ్‌పోస్ట్
అక్టోబరు 14, ఉదయం 7:31

గ్రూప్ సార్టింగ్! అన్నా, ఇది నాకు తెలియదు. రెండేళ్లుగా ఒక రిపోర్టులో ఆర్డర్ బై ఎన్నిసార్లు మార్చానో. ఇప్పుడే వెళ్లి చూస్తా. (నా డిస్టింక్ట్ రిపోర్టులు కూడా ఒకసారి తిరగేస్తా, నవ్వకండి.)

రావులపాలెం_గెల
అక్టోబరు 14, సాయంత్రం 6:05

అందరూ పెద్ద పెద్ద సంగతులు మాట్లాడుతున్నారు, నాది చిన్నది. అరటి గెలల వ్యాపారం, డేటాబేస్ ఏమీ లేదు, బిల్లింగ్ యాప్ నుంచి ఎక్సెల్ దింపుకుని పైవట్ టేబుల్ చేస్తాను. అరటి రకాల పేర్లు తెలుగులోనే. కర్పూర రెండుసార్లు వస్తోంది. రెండూ కళ్లకి అచ్చం ఒకటే. ఇంకోటి, నాకు అకారాది వరస వద్దు. చక్కెరకేళి, కర్పూర, అమృతపాణి, బొంత, ఇలా మేం దింపే వరసలో కావాలి.

అమలాపురం_అకౌంట్స్
అక్టోబరు 14, సాయంత్రం 6:40

రెండు కర్పూరల పక్కన లెన్ ఫార్ములా పెట్టి అక్షరాలు లెక్కపెట్టండి. తెలుగులో గుణింతం, పొల్లు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి మీరనుకున్న దానికన్నా పెద్ద అంకే వస్తుంది, కంగారు పడకండి. కర్పూరకి క, ర, పొల్లు, ప, ఊ గుణింతం, ర, మొత్తం 6 రావాలి. ఒకదానికి 7 వస్తే చివర కనపడని ఖాళీ ఉన్నట్టు. ట్రిమ్ పెట్టినా పోకపోతే అది మామూలు స్పేస్ కాదు, ఎక్కడి నుంచో కాపీ చేసి అతికించినప్పుడు వచ్చే 160 నంబరు స్పేస్. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో క్యార్ 160 ఇచ్చి తీసేయండి. ఫోన్లో టైప్ చేసే తెలుగులో అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు ఒకటి కూడా దాక్కుని ఉంటుంది, దానికి యూనిక్యార్ 8204.

వరసకి ఇంకో కాలమ్ పెట్టుకోండి. చక్కెరకేళి 10, కర్పూర 20, అమృతపాణి 30, బొంత 40. దాంతో సార్ట్ చేయండి. పదేసి ఎందుకంటే రేపు కొత్త రకం వస్తే మధ్యలో 25 అని దూర్చవచ్చు.

రావులపాలెం_గెల
అక్టోబరు 14, రాత్రి 7:12

ఒకటి 6, ఒకటి 7. అమ్మా, నీకో గెల బాకీ.

బెంగళూరు_గోదారోడు
అక్టోబరు 15, రాత్రి 11:30

మావయ్యా, నేనే. అత్తయ్య ఈ లింకు పంపింది. మొత్తం చదివాను. తణుకు అన్నగారు చెప్పినట్టే బిల్‌డేట్ పేరు నేనే అలా పెట్టాను, గ్రూప్ సార్టింగూ నేనే వదిలేశాను. అప్పుడు కాలేజీ మూడో ఏడు, జాయిన్ అంటే లైన్లు పెరుగుతాయని తెలియదు. మీరు రెండు రకాల చెల్లింపు తీసుకుంటారనీ అడగలేదు. ఇంతకుముందు తేడా వస్తోందని ఒక్క మాట ఫోన్లో చెప్పుంటే చూసేవాణ్ణి కదా.

ఒక్క చిన్న మాట. ఒకే నిమిషంలో పడిన రెండు కౌంటర్ల బిల్లులు ప్రింటు తీసిన ప్రతిసారీ తారుమారు కావచ్చు. ఆర్డర్ బై చివర బిల్ ఐడీ, ఆ తర్వాత సరుకు లైను ఐడీ కూడా చేర్చండి, కదలవు. దీపావళికి వస్తున్నా, మిగతాది నేను చూస్తా.

పాలకొల్లు_కొట్టు
అక్టోబరు 16, రాత్రి 10:05

ఐడీలు చేర్చాను రా. బిల్లులు 1, 2, 3 అని వస్తుంటే చూడ్డానికి ఎంత బాగుందో. నాలుగు రోజులుగా రిపోర్టూ పెట్టే కలుస్తున్నాయి. నిన్న మాత్రం 20 రూపాయలు తేడా వచ్చింది, అది మీ అత్తయ్య పూలకి తీసుకుందట.

తణుకు గారికీ, అమలాపురం చెల్లెమ్మకీ, అందరికీ థాంక్స్. ఇవాళ కొట్టు కట్టేశాక కుర్రాణ్ణి కూర్చోబెట్టి 4127 బిల్లు చూపించాను. మూడు లైన్లు ఆరెలా అయ్యాయో చెప్పాను. చెప్తూ ఉండగానే వాడన్నాడు, "నేను అప్పుడే చెప్పానుగా అండీ, రెండు రకాలుగా ఇచ్చిన రోజే తేడా వస్తోందని." చెప్పాడట. నేను వినలేదు. జీతంలో కోసిన 1,200 ఇచ్చేశాను. లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు.